గట్టు మీద బండి



కోనసీమలో మోటారు సైకిలు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు బయలుదేరే రైతుకూ, రాజోలు నుంచి అమలాపురం కాలేజీకి వచ్చే కుర్రాడికీ, కొత్తపేటలో తెల్లారకుండానే పాలు పోసి వచ్చే పెద్దాయనకూ, బట్టల దుకాణంలో పని చేసుకునే అమ్మాయికీ బండే ఆధారం. బస్సు రాని లంక ఊరికి కూడా బండి వెళ్తుంది. మన బతుకు ఇంతగా దాని మీద ఆధారపడింది కాబట్టే, దాన్ని నడిపే తీరు గురించి ఈ పూట మీతో మాట్లాడాలనిపించింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కంటికి ఎంత దూరం కనిపిస్తోందో, ఆ దూరంలోపల బండిని ఆపగలగాలి. అంతకు మించిన వేగం మనది కాదు. ఈ మాట ఏ ఊళ్ళోనైనా మంచిదే. మన కోనసీమలో మాత్రం ప్రాణావసరం. ఎందుకో చెబుతాను.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి కాలువలు బయలుదేరి, గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్న ఈ మధ్య డెల్టాను మాగాణి చేశాయి. అప్పట్లో కాలువ అంటే సాగునీరు ఒక్కటే కాదు, పడవల దారి కూడా. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాక్కుపోయేవారు. చాలా చోట్ల ఆ గట్లే బాటలయ్యాయి, బాటల మీద కంకర పడింది, కంకర మీద తారు పడింది. అంటే మన గట్టు రోడ్లు నీటి వాలును బట్టి పుట్టినవి. నీరు ఎక్కడ మళ్ళిందో రోడ్డూ అక్కడే మళ్ళింది. గంటకు అరవై, డెబ్భై కిలోమీటర్ల వేగంతో ఎవరో వస్తారని ఊహించి వేసిన మలుపులు కావవి.

ఆ గట్టు మీద ఒక పక్క కాలువ. రెండో పక్క పల్లపు చేను, లేదంటే కొబ్బరి తోట, లేదంటే ఇళ్ళ గుమ్మాలు. వెడల్పయిన రోడ్డు మీద చిన్న పొరపాటు జరిగితే బండి మట్టి మార్జిన్‌లోకి దిగుతుంది, మనిషి సర్దుకుంటాడు. గట్టు మీద ఆ మార్జిన్ లేదు. తారు అంచు దాటితే నీళ్ళే. పైగా మలుపు దగ్గర కొబ్బరి మొక్కలు, పాకలు, గడ్డిమేట్లు అడ్డం ఉంటాయి. అవతల ఏముందో తెలియదు. గేదె ఉండవచ్చు, అరటి గెలలు కట్టుకున్న సైకిలు ఉండవచ్చు, కొబ్బరి దింపు జరుగుతుంటే రోడ్డు మీదే కాయల రాశి ఉండవచ్చు.

ఇక లెక్కలోకి వద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం కనబడగానే చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి చురుకైన మనిషికే ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి 17 మీటర్లు ముందుకు పోయింది, వేగం ఏమాత్రం తగ్గలేదు. అప్పుడు బ్రేకు పడుతుంది. పొడి తారు మీద, టైర్లు బాగుండి, రెండు బ్రేకులూ సరిగ్గా పడితే ఆగడానికి ఇంకో 23 మీటర్లు. మొత్తం 40 మీటర్లు. అదే బండి 40 కిలోమీటర్ల వేగంలో ఉంటే ఆ సెకనులో పోయేది 11 మీటర్లు, బ్రేకు మీద 10 మీటర్లు, మొత్తం 21. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం దాదాపు రెండింతలయింది. తడి రోడ్డు మీద, అరిగిన టైరు మీద ఇది ఇంకా పెరుగుతుంది.

మీటర్లు కళ్ళతో కొలవడం కష్టం కదా, మనకు తెలిసిన కొలత పెట్టుకుందాం. కొబ్బరి తోటలో చెట్టుకూ చెట్టుకూ సుమారు ఎనిమిది మీటర్ల ఎడం. నలభై మీటర్లంటే అయిదు చెట్ల ఎడం. ఇరవై ఒకటంటే మూడు చెట్ల ఎడం కూడా లేదు. గట్టు మలుపులో ముందు మూడు చెట్ల ఎడమే కనిపిస్తోందంటే, మీటరు మీది ముల్లు నలభై దాటకూడదన్నమాట. రెండు చెట్ల ఎడమే కనిపిస్తే ఇంకా తగ్గాలి. ఎదురుగా కూడా బండి రావచ్చు కాబట్టి, ఇరుకు మలుపులో కనిపించే దూరంలో సగంలోనే ఆగేటట్టు ఉండాలి. ఈ లెక్కకు బండి ఖరీదుతో, నడిపేవాడి అనుభవంతో పని లేదు.

దాళ్వా కోతల రోజులు ఒకసారి తలుచుకోండి. ఏప్రిల్ నెల. యంత్రంతో కోసిన ధాన్యంలో పచ్చిదనం ఎక్కువ. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర రైతుకు ఇబ్బంది. పాతకాలపు కళ్ళాలు లేవు. గట్టిగా, పొడిగా, వేడిగా ఉండేది తారు రోడ్డు ఒక్కటే. అందుకని సగం రోడ్డు మీద ధాన్యం పరుస్తారు, తొక్కకుండా అంచున రాళ్ళో ఇటుకలో తాటి దుంగలో పెడతారు. పొద్దు వాలగానే ధాన్యాన్ని కుప్పగా ఎగదోసి, పైన బరకం కప్పి, ఎగిరిపోకుండా మళ్ళీ రాళ్ళు పెట్టి ఇంటికి వెళ్తారు.

రాత్రి ఎనిమిదికి ఆ దారినే ఒక బండి వస్తుంది. ఎదురుగా లారీ, హై బీమ్‌లో. ఆ వెలుగుకు కళ్ళు చెదిరి, ఇవతలి సగం రోడ్డంతా నల్లగా అయిపోతుంది. ఆ నలుపులోనే నల్ల బరకం కప్పిన కుప్ప ఉంది. లారీ దాటిపోయాక కళ్ళు సర్దుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అరవైలో ఉన్న బండి సెకనుకు 17 మీటర్ల చొప్పున ఆ కుప్ప మీదికి పోతూనే ఉంటుంది.

ఇక్కడ చెయ్యాల్సింది తేలికే. ఎదురుగా వెలుగు కనబడగానే ఆక్సిలరేటరు వదిలెయ్యాలి. చూపు లారీ దీపాల మీద కాకుండా రోడ్డు ఎడమ అంచు మీద పెట్టాలి. మన దీపం డిమ్ చెయ్యాలి, అవతలివాడు చేసినా చెయ్యకపోయినా సరే. ఏమీ కనిపించనప్పుడు వేగం నడక స్థాయికి వచ్చినా నామోషీ లేదు. పట్టపగలు ధాన్యం మీదికి ఎక్కవలసి వస్తే ముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. గింజల మీదికి వెళ్ళాక ముందు బ్రేకు పట్టకూడదు, హ్యాండిలు తిప్పకూడదు. టైరు కింద గింజలు దొర్లుతాయి, చక్రం పక్కకు జారుతుంది. మెల్లగా, తిన్నగా దాటిపోవాలి. తడి కొబ్బరి మట్టకైనా, ఇసుక లారీ రాల్చిన ఇసుకకైనా, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే తడి పలకకైనా ఇదే సూత్రం.

ధాన్యం ఆరబోసే రైతు సోదరులకూ ఒక మనవి. మీ కష్టం నాకు తెలుసు, వేరే చోటు లేకే రోడ్డు మీదికి వస్తున్నారని తెలుసు. రాత్రిపూట కుప్ప రోడ్డు మీద ఉంచక తప్పకపోతే, మలుపులోనూ వంతెన దిగే చోటా మాత్రం వద్దు. అంచున రాళ్ళకు బదులు ఖాళీ బస్తాలు పెట్టండి. కుప్పకు రెండు వైపులా వెలుగు పడితే మెరిసే రేడియం స్టిక్కరు అంటించిన కర్రలు పాతండి. ట్రాక్టరు ట్రక్కు వెనక కూడా ఆ స్టిక్కరు ఉండాలి. అది కొద్దిపాటి ఖర్చే. ఒక ఇంటి దీపాన్ని కాపాడుతుంది.

ధనుర్మాసం వచ్చిందంటే మంచు. తెల్లవారుజామున కాలువ ఏదో గట్టు ఏదో తేడా తెలియదు. హై బీమ్ వేస్తే మంచు బిందువుల మీద పడిన వెలుగు వెనక్కి కొట్టి ఎదుట తెల్లగోడ లేస్తుంది. లో బీమ్ వేసుకోవాలి. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పడితే కొంచెం పైకెత్తి గాలి తగలనివ్వాలి. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్ళకు ఈ గట్ల మీద చిన్ననాటి జ్ఞాపకం ఉంటుంది గానీ, మొన్న వేసిన స్పీడు బ్రేకరు, నిన్న తవ్విన గొయ్యి తెలియవు. తెలిసిన దారేనన్న ధీమాతో మంచులో పోవద్దు నాయనా. అరగంట ఆగితే ఎండ వస్తుంది.

జాతీయ రహదారి 216 సంగతి వేరు. కత్తిపూడిలో మొదలై, ఎదుర్లంక వంతెన మీదుగా గౌతమి దాటి, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు వైపుగా వెళ్ళి, చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటుతుంది. అక్కడ చూపు దూరం పోతుంది, వేగమూ పెరుగుతుంది. అపాయం పక్క దారుల్లోంచి వస్తుంది. ఊరి రోడ్డు పల్లంలోంచి ఎక్కి నేరుగా హైవేలో కలుస్తుంది. ఎక్కే ఊపులో ఆగకుండా వచ్చేస్తారు. అలా ఎక్కేవారు అంచు దగ్గర బండి ఆపి, కాలు కింద పెట్టి, కుడికి చూసి, ఎడమకు చూసి, మళ్ళీ కుడికి చూసి అప్పుడు కదలాలి. హైవే మీద ఉన్నవారు, పక్క దారి కనిపించిన ప్రతిచోటా ఎవరో వచ్చేస్తారనే అనుకుని వేళ్ళు బ్రేకు మీద ఉంచుకోవాలి.

అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజిలస్ ప్రాంతంలో తొమ్మిది వందల మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఇంకో వాహనంతో జరిగిన ప్రమాదాల్లో తరచూ కనిపించిన కారణం, అవతలి డ్రైవరు మోటారు సైకిలును చూడకపోవడం. అపాయం ఎదురయ్యాక తప్పించుకోవడానికి నడిపేవాడికి దొరికిన వ్యవధి రెండు సెకన్ల లోపే. మనం చూడటం ఎంత ముఖ్యమో, మనం కనబడటమూ అంతే ముఖ్యం. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త బండ్లకు పగలు కూడా ముందు దీపం వెలుగుతూ ఉండేది అందుకే. బ్యాటరీ అయిపోతుందని మెకానిక్ చేత దానికి స్విచ్చి పెట్టించుకోకండి. రాత్రిపూట లేతరంగు చొక్కా వేసుకోండి.

బ్రేకు గురించి ఒక అపోహ ఉంది. ముందు బ్రేకు పడితే బోల్తా కొడతామని చాలామంది వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు. బ్రేకు వెయ్యగానే బండి బరువు చాలా మటుకు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత బిగించినా అది ఈడ్చుకుపోతుందే తప్ప బండి త్వరగా ఆగదు. ఆపే శక్తిలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. గబుక్కున గుంజకుండా, ముందు మెల్లగా పట్టి, తర్వాత బిగించాలి. వెనకది కూడా కలపాలి. ఒక ఆదివారం పొద్దున్న ఖాళీ మైదానంలో ఇరవై, ముప్ఫై వేగాల్లో ఇది సాధన చెయ్యండి. చేతికి అలవాటయిన పనే ఆపదలో చేతికి వస్తుంది. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో 125 సీసీ పైబడిన వాటికి ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం రెండు చక్రాలనూ కలిపి ఆపే బ్రేకు ఉంటాయి. అవి సాయం చేస్తాయి. అయితే అరిగిపోయిన టైరుకు ఏ బ్రేకూ సాయం చెయ్యలేదు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా అవతలివాడి తప్పుతోనో, గేదె అడ్డం రావడంతోనో పడిపోవచ్చు. అందుకు హెల్మెట్.

లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో తన ఇంటికి దగ్గర్లోనే మోటారు సైకిలు మీద వెళ్తున్నాడు. రోడ్డు పల్లంలోకి దిగి లేచే చోట ముందున్న ఇద్దరు సైకిలు కుర్రాళ్ళు అతనికి కనిపించలేదు. కనిపించేసరికి తప్పించబోయి ఎగిరిపడ్డాడు. తలకు దెబ్బ. ఆరు రోజులకు చనిపోయాడు. చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ మరణం ఆయన్ని వదల్లేదు. మోటారు సైకిలు మీద వెళ్ళే సైనికుల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ పెట్టుకుంటే ప్రాణాలు నిలుస్తాయని 1941లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాడు. సైన్యం దాన్ని తప్పనిసరి చేసింది. ఆ తర్వాత లోకమంతా ఆ దారి పట్టింది.

మన తెలుగువాళ్ళలోనే చూడండి. సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న, వినాయక చవితి నాడు, హైదరాబాదు కేబుల్ బ్రిడ్జి దగ్గర బండి జారి పడ్డారు. రోడ్డు మీద పేరుకున్న ఇసుకే జారడానికి కారణమని వార్తల్లో వచ్చింది. స్పృహ తప్పారు, వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. కానీ తలకు హెల్మెట్ ఉంది. కోలుకుని మళ్ళీ సినిమాల్లో నటించారు. నన్ను బతికించింది హెల్మెట్టేనని ఆయనే పదిమందికీ చెబుతున్నారు.

హెల్మెట్ ఎలా కాపాడుతుందో కోనసీమవాళ్ళకు వేరే చెప్పాలా? చెట్టు మీద నుంచి ఒలవని కాయ పడితే లోపలి టెంకకు ఏమీ కాదు. దెబ్బను పీచు తాగేస్తుంది. ఒలిచిన కాయ అంతే ఎత్తు నుంచి రాతి మీద పడితే రెండు చెక్కలు. హెల్మెట్ పైచిప్ప లోపల థర్మాకోల్ లాంటి మందపాటి పొర ఒకటి ఉంటుంది. ఆ పీచు పని దానిది. దెబ్బకు తాను నలిగి, పుర్రెలోని మెదడుకు చేరే కుదుపును తగ్గిస్తుంది. ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయింది. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చెయ్యాలి. ఆ పొర లేని ప్లాస్టిక్ టోపీలు రోడ్డు పక్కన చవగ్గా దొరుకుతాయి. అవి పోలీసుకు చూపించడానికి పనికొస్తాయేమో గానీ తలకు పనికిరావు. ఐఎస్ఐ గుర్తు చూసి కొనాలి. పెట్టుకున్నాక గడ్డం కింద పట్టీ బిగించి, వెనక నుంచి పైకి తోసి చూడాలి. ఊడి వస్తే అది మీ సైజు కాదు. పట్టీ పెట్టని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది.

ఉక్క పోస్తుందంటారు. నిజమే, మన గాలిలో తేమ ఎక్కువ. లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునే రకం కొనుక్కోండి, లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకోండి. ఊళ్ళోకేగా అంటారు. లారెన్స్ పడ్డదీ ఇంటి దగ్గర్లోనే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఆ ఏడాది తలకు హెల్మెట్ లేకుండా పోయినవారు 50,029 మంది.

వెనక కూర్చున్నవారి తలా తలే. చట్టం కూడా నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలంటుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకు చిన్న హెల్మెట్, పెద్దవాళ్ళకు కలిపి కట్టే పట్టీ ఉండాలని, అప్పుడు వేగం 40 దాటకూడదని 2022లో నిబంధన వచ్చింది. పసివాణ్ణి ట్యాంకు మీద నిలబెట్టి తీసుకెళ్ళడం ముద్దుగానే ఉంటుంది. బ్రేకు పడితే ముందు వెళ్ళేది వాడే. అమ్మలూ, అక్కలూ, చీర కొంగూ చున్నీ నడుముకు దోపుకుని, చక్రం వైపు వేలాడకుండా చూసి కూర్చోండి. వెనక చక్రానికి ఉండే చీర గార్డును చట్టమే పెట్టించింది. అందం కోసం తీయించెయ్యకండి.

పద్దెనిమిది నిండని అబ్బాయికి తాళం ఇచ్చే తండ్రులకు ఒక మాట. వాడు ప్రమాదం చేస్తే బండి ఇచ్చినందుకు తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. అంతకంటే ముఖ్యం, గట్టు మలుపులో అవతల ఏముందోనన్న భయం ఆ వయసుకు ఇంకా రాలేదు.

పండగలూ తీర్థాలూ మనకు ప్రాణం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, మాఘంలో అంతర్వేది కల్యాణానికి, శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వేల బండ్లు కదులుతాయి. ఆ రోజుల్లో మనుషులే రోడ్డు నిండా ఉంటారు, పిల్లలు చెయ్యి విదిలించుకుని పరిగెడతారు. వేగం మాట మరిచిపోండి. మందు తాగినవాడు బండి ఎక్కకూడదు, ఎక్కనివ్వకూడదు. తాళం లాక్కోవడం స్నేహితుడి హక్కు, స్నేహితుడి ధర్మం. ఆ రాత్రి అతను తిట్టినా భరించండి.

ఎవరైనా పడితే? మొదట వెనక వచ్చే బండ్లను ఆపండి, లేకపోతే ఇంకో ప్రమాదం జరుగుతుంది. 108కి ఫోన్ చెయ్యండి. ఊరు, కాలువ, దగ్గరి వంతెన లేదా లాకులు, గుర్తు స్పష్టంగా చెప్పండి. పడ్డ మనిషి ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, మెడ వంచకండి, లేపి కూర్చోబెట్టకండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. బండి కాలువలో పడితే కింద మనిషి ఇరుక్కున్నాడేమో చూసి, ముందు ముఖం నీటి పైకి తేవాలి. కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు. సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేరింది. పేరు చెప్పడం కూడా మీ ఇష్టమే.

రేపు పొద్దున్న చెయ్యగలిగిన పనులు నాలుగు చెప్పి ముగిస్తాను. టైరు గాలి చూసుకోండి, అరిగి ఉంటే ఈ వారమే మార్చండి. బండి తాళం హెల్మెట్ లోపలే పెట్టుకోండి, ఒకటి లేకుండా రెండోది చేతికి రాకూడదు. వెనక కూర్చునేవారికి ఇంకో హెల్మెట్ కొనండి. ఇంటి నుంచి మొదటి మలుపు రాగానే, ముందు ఎన్ని చెట్ల ఎడం కనిపిస్తోందో లెక్కపెట్టి, ఆ లెక్కకు తగ్గట్టు వేగం తగ్గించండి. వారం రోజులు చేస్తే అది అలవాటవుతుంది. తర్వాత మీరు లెక్కపెట్టక్కర్లేదు, చెయ్యే సర్దుకుంటుంది. మీరు చూసి మీ పిల్లలు నేర్చుకుంటారు.